తిన్నాకే తాగాల్సిన మందు

హిందూపురంలో నర్సమ్మ పోయిందని పోయిన మంగళవారం మా మరిది బస్సు దిగుతూనే చెప్పాడు. మా ధర్మవరం ఆసుపత్రిలో ఆమె చాలా ఏళ్లు నర్సుగా పనిచేసింది. నేను ఈ ఇంటి కోడలిగా నిలబడ్డానంటే ఆమె చలవే.

పెనుకొండ నుంచి ఈ మగ్గాల ఇంటికి వచ్చినప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. ఇంట్లో అందరూ తిన్నాకే కోడలు తినాలి. అప్పటిదాకా కాఫీతోనే నెట్టుకొచ్చేదాన్ని. నాలుగు నెలలకే గుండె దడ, నిద్ర లేదు. చేతుల వణుకుకు పట్టు పోగులు తెగేవి.

"గాలి సోకిండాది. నయం కాకపోతే పుట్టింటికి తోలేద్దాం" అంది మా అత్త. నేను హడలిపోయాను.

పక్కింట్లో కాన్పు చేయడానికి వచ్చిన నర్సమ్మను ఎవరో పిలుచుకొచ్చారు. ఆమె నా చెయ్యి పట్టుకుని, "పొద్దున్నుంచి ఏం తిన్న్యావు?" అంది.

"కాఫీ తాగినా."

ఆమెకు కోపం ముక్కు మీదే ఉండేది. "మూత్రపిండాల నెత్తిన టోపీల మాదిరి రెండు గ్రంథులుండాయి. పాము కనపడితే గుండె కొట్టుకునేది వాటి రసంతోనే. కడుపు మాడినా ఒళ్లు ఆపద వచ్చిండాదనే అనుకుంటాది. దానిపైన కాఫీ పోస్తే ఇంకా రెచ్చిపోతాది" అంది.

అత్తను మాత్రం ఒక్క మాట అనలేదు. సీసా ఒకటి చేతికిచ్చి, "ఇది పొద్దున్నే సంగటి తిన్నాకే తాగల్ల. వట్టి కడుపున పడితే ప్రమాదం" అని చెప్పిపోయింది.

మా అత్తకు ప్రమాదమంటే మహా భయం. మర్నాటి నుంచి, "ఏమ్మే, తిన్న్యావా? మందు తాగల్ల" అంటూ నన్ను మగ్గం దగ్గరికి పోనిచ్చేది కాదు. రాగి సంగటి, పప్పు, మజ్జిగ వేళకు పడ్డాయి. కాఫీ తగ్గింది. రెండు నెలల్లో చేతులు కుదురుకున్నాయి. పుట్టింటి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ సీసాలోవి వాము నీళ్లట. హిందూపురానికి బదిలీ అయి పోయేటప్పుడు నర్సమ్మే చెప్పి నవ్వింది. "ఆ మందు మీ అత్తకిచ్చింది, నీకు కాదు."

ఆ మంగళవారమే ఆఖరి చూపుకు హిందూపురం వెళ్లాను. శవం లేచేదాకా ఎవరూ మెతుకు ముట్టకూడదు కదా. అయినా ఆమె అక్క సంగటి ముద్దలున్న గంప తెచ్చి వాకిట్లో పెట్టింది. పెద్దవాళ్లు గొణిగారు.

"నా కోసం ఏడ్చేవాళ్లను ఆకలితో ఏడిపీయొద్దని చెప్పి పోయింది. తినండమ్మా" అందామె.

ఎవరి చెయ్యీ కదలలేదు. నేనే ముందు ముద్ద తుంచాను. తర్వాత ఒక్కొక్కరే ఆకు ముందు కూర్చున్నారు. లోపల ఆమెను పడుకోబెట్టుకుని, వాకిట్లో అంతమంది ఆడవాళ్లం ఏడుస్తూనే కడుపు నిండా తిన్నాం.