మరమగ్గపు చెవులతో తిరువళ్ళూరుకు

తిరుత్తణికి అందరూ మురుగన్ దర్శనానికి వస్తారు. నేను మా బావను ఉద్యోగానికి తీసుకుపోదామని వచ్చాను. ఉదయం ఐదున్నరకు పొదటూరుపేటలో బస్సెక్కాం.

బావ ఇరవయ్యేడేళ్ళు మరమగ్గం మీద లుంగీలు నేశాడు. నూలు ధర పెరిగి, ఆర్డర్లు నిలిచిపోయి, షెడ్డు ఓనరు పోయినేడు మగ్గాలన్నీ పాత ఇనుము కింద అమ్మేశాడు. పడుచువాళ్ళు కంపెనీ బస్సులెక్కారు. నలభై ఎనిమిదేళ్ళ బావ ఇంట్లో మిగిలాడు. తిరువళ్ళూరులో ఒక కాంట్రాక్టరు ప్యాకింగ్ పనికి మనుషుల్ని తీసుకుంటున్నాడట, మెడికల్ పాసైతే చాలట. కాకపోతే ఎక్కడో ఉత్తరాన ఉన్న భివండి పోవాలి. అక్కడ ఇంకా మగ్గాలు ఆడుతున్నాయి, బావ వీధివాళ్ళు సగం మంది అక్కడే ఉన్నారు. “ఈడనే ఏదో ఒక పని ఇప్పియ్యిరా, ఆయప్పని అంత దూరం పంపలేను” అని అక్క నన్ను పుత్తూరు నుంచి పిలిపించింది.

ఆరున్నరకు తిరుత్తణి. స్టేషను బయట ఇడ్లీ బాగుంటుంది, చట్నీ ఎన్నిసార్లు అడిగినా విసుక్కోరు. బావ రెండు తుంచి వదిలేశాడు. మగ్గాలు ఆగిన రోజు నుంచి అతనికి తిండీ లేదు, నిద్రా లేదు. షెడ్డుకు ఆనుకునే ఇల్లు. ఇన్నేళ్ళూ ఆ దడదడలోనే హాయిగా పడుకున్నవాడు, ఇప్పుడు చప్పుడు లేక ఉలిక్కిపడి లేస్తున్నాడు. బీపీ వచ్చింది, దాని వెనకే షుగరు వచ్చింది. పని ఉన్నన్నాళ్ళు గడప తొక్కని రోగాలు, పని పోయాక చుట్టాల్లా వచ్చి తిష్ఠ వేశాయి.

ఏడుకు పది నిమిషాలుండగా లోకల్ కదిలింది. టికెట్టు చవకే, కూర్చోవడానికి చోటూ దొరికింది. అరక్కోణంలో సంచులతో నలుగురు ఒడిశావాళ్ళు ఎక్కారు. వాళ్ళలో పెద్దాయన వచ్చీరాని తమిళంలో, “మా ఊళ్ళో పని లేదన్నా. రెండు రోజులుగా రైల్లోనే ఉన్నాం” అన్నాడు. బావ అతని పెదవుల వైపే చూసి, పెట్టెంతా వినేలా అరిచాడు.

“వాళ్ళూర్లో పని ల్యాక ఈడికొస్తాండారు. మనూర్లో పని ల్యాక మనం ఇంగో యాడికో పోతాండాం. ఆ పనేందో యాడ దాంకోనుందో!”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మోసూరు దాటేసరికి బావ నోరు తెరిచి నిద్రపోయాడు. బండి ఆగితే కళ్ళు తెరుస్తాడు, కదిలితే మూస్తాడు. అతను నిద్రపోవడం అక్క చూసి ఎన్నాళ్ళయిందో!

ఎనిమిదికి తిరువళ్ళూరు. ఇక్కడి వీరరాఘవ పెరుమాళ్ళకు రోగాలు తీరుస్తాడని పేరు. మేము మాత్రం మెడికల్ కోసం కాంట్రాక్టరు చెప్పిన, బస్టాండు వెనక మేడ మీదున్న డాక్టరమ్మ దగ్గరికి పోయాం. మాత్ర వేసుకుని రావడంతో బీపీ దారికొచ్చింది. ఆమె అడిగినవాటికన్నింటికీ బావ టకటకా జవాబులిచ్చాడు. మగ్గాల హోరులో మాట వినపడదు కాబట్టి నేతగాళ్ళు పెదవులు చూసే మాట పట్టేస్తారు. ఇక గట్టెక్కినట్టే అనుకున్నాను.

అప్పుడామె బావ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, గోడ వైపు కూర్చోబెట్టింది. చప్పుడు వినిపిస్తే చెయ్యెత్తాలి. బావ ఎత్తాడు, దించాడు. మళ్ళీ ఎత్తాడు. తప్పిపోకుండా, ఒకే లెక్కన ఎత్తుతున్నాడు. నేను సంతోషంతో లేచి నిలబడ్డాను. డాక్టరమ్మ మిషను మీంచి చేయి తీసేసి చాలాసేపయిందని అప్పుడు చూశాను.

ఆమె లేచి అతని ముందుకు వచ్చి, “అయ్యా, మిషను ఆపేశాను గదా! ఎందుకు ఎత్తుతున్నారు?” అని తమిళంలో అడిగింది.

“ల్యాదమ్మా, ఇనిపిస్తాండాది. మగ్గం. నాకెప్పుడూ ఇనిపిస్తానే ఉంటాది. ఇనిపిస్తే ఎత్తమంటిరి గదా!”

ఆమె తల వంచుకుని రాసింది. కాగితం చూసి కాంట్రాక్టరు గుమాస్తా, “గోడౌను లోపల సరుకు బండ్లు తిరుగుతాయి. హారన్ వినపడకపోతే ఈయన మీదికే ఎక్కుతాయి” అన్నాడు. తిట్టుకోవడానికి కూడా వీల్లేని మాట. అందుకే ఇంకా మండింది.

పదకొండున్నర లోకల్లో తిరుగు ప్రయాణం. ఊరుకోలేక, “ఆ మగ్గం సంగతి చెప్పకపోతే ఏం పోయింది బావా?” అన్నాను.

“అడిగినప్పుడు అబద్ధం చెప్పమంటావా?” అన్నాడు. కడంబత్తూరు రాకముందే నిద్రపోయాడు.

తిరుత్తణిలో బండి ఆగగానే కళ్ళు తెరిచాడు. ప్లాట్‌ఫారం నిండా గుండ్లకు గంధం పూసుకున్న భక్తులు. బావ నా మొహం తన వైపు తిప్పుకున్నాడు.

“భివండిలో షెడ్డులోనే పండుకోబెడతారంట గదా?”

“అంట.”

“మగ్గాలు రేయీపగలూ ఆడతాయంట గదా?”

“ఆడతాయి బావా.”

“అట్లయితే పోతా. నిద్రన్నా పడతాది.”

నాకు ఏడుపొచ్చింది. అతని చెవులు తిన్న మగ్గం దగ్గరికే, నిద్ర కోసం మళ్ళీ అతన్ని పంపబోతున్నాం. ఈ వైపు వచ్చేవాళ్ళు కొండెక్కండి, దర్శనం చేసుకోండి, ఇడ్లీలు తినండి. లోకల్లో పట్టపగలు నోరు తెరిచి నిద్రపోయే మనిషి కనిపిస్తే మాత్రం తాగుబోతు అనుకోకండి.

పొదటూరుపేట బస్సులో ఉండగా అక్క ఫోను చేసింది.

“ఏమాయరా?”

“బావకు నిద్ర బాగా పట్టిందక్కా” అన్నాను. వేరే మంచి వార్త నా దగ్గర లేదు.