మూడో లిస్టులో పడ్డ నా దారి

మా ఊళ్ళో నడిచేవాళ్ళు రెండు రకాలు. కుక్కని తిప్పేవాళ్ళు, ఒళ్ళు తగ్గించుకోవడానికి తిరిగేవాళ్ళు. పొద్దున్నే పనికి నడిచి వెళ్ళే మనిషి ఒకతి ఉంటుందని మా సిటీ వాళ్ళు కలలో కూడా అనుకోలేదు. ఆ ఒకతీ నేనే.

వర్జీనియాలో మా సబ్‌డివిజన్, అంటే మా ఇళ్ళ కాలనీ, వెనక నుంచి స్కూల్ దాకా చెట్ల మధ్యగా ఒక తారుబాట ఉండేది. ముప్పావు మైలు ఉంటుందేమో. అందరూ దాన్ని ట్రెయిల్ అనేవాళ్ళు. గ్రీన్ కార్డ్ వచ్చాక, నలభై మూడేళ్ళ వయసులో, ఆ స్కూల్ కిచెన్‌లో నాకు ఉద్యోగం దొరికింది. పొద్దున ఆరున్నరకల్లా వెళ్ళి ట్రేలు సర్ది, పిల్లలకి బ్రేక్‌ఫాస్ట్ పెట్టాలి. అన్నేళ్ళూ మా ఆయన వీసాకి తోకలా వేలాడిన దాన్ని, మెడలో నా పేరున్న బ్యాడ్జి వేసుకున్నాను. నవ్వితే నవ్వండి గానీ, మొదటి వారం దాన్ని ఇంటికొచ్చాక కూడా తీయలేదు.

మంచు పడనంత కాలం ఏ గొడవా లేదు. పడితే స్కూల్ రెండు మూడు రోజులు మూసేవాళ్ళు. ఈలోపు పెద్ద పెద్ద ట్రక్కులు గర్జించుకుంటూ వచ్చి రోడ్లన్నీ నల్లగా గీకేసేవి. గీకిన మంచుని ఎక్కడ పోసేవాళ్ళనుకున్నారు? నా బాట మొదట్లో! నడుమెత్తు గోడ కట్టేసి చక్కా పోయేవాళ్ళు. స్కూల్ తెరిచేవాళ్ళు, కార్లు తిరిగేవి, నా బాట మాత్రం రెండు వారాల పాటు గాజుపెంకులా గడ్డకట్టి పడుండేది. ఇంకో విచిత్రం వినండి. స్కూల్‌కి మైలు లోపు ఇళ్ళున్న పిల్లలకి బస్ ఇవ్వరు. ఎందుకంటే వాళ్ళు నడిచి రాగలరట! ఎక్కడ నడవాలి, గాల్లోనా?

సిటీ ఆఫీసుకి ఫోన్ చేశాను. అవతల ఒకావిడ తేనె పూసిన గొంతుతో చెప్పింది. పెద్ద రోడ్లు మొదటి లిస్టు, ఇళ్ళ మధ్య వీధులు రెండో లిస్టు, పార్కులూ ట్రెయిల్సూ మూడో లిస్టు. ట్రెయిల్ అంటే రిక్రియేషన్ కదా మేడం, అంది. మరి మూడో లిస్టు ఎప్పుడు తీస్తారమ్మా అని అడిగాను. "మామూలుగా మా వంతు వచ్చేసరికి అదే కరిగిపోతుంది" అంది. ఎంత చక్కటి ప్లానో చూడండి! సూర్యుడికి జీతం ఇవ్వక్కర్లేదు.

ఆ చలికాలం చుట్టు తిరిగి, రోడ్డు అంచున కార్ల పక్కన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నడిచాను. రెండుసార్లు లేట్ అయ్యాను. మా కిచెన్ మేనేజర్ చెడ్డ మనిషి కాదు, పిలిచి మెత్తగానే చెప్పింది. మొదటి ఏడాదిలో మూడోసారి లేట్ అయితే తీసేయడం తప్ప తన చేతిలో ఏమీ ఉండదంది. అప్పటికి ఇంకా జనవరి. ముందు ఎంత మంచు ఉందో దేవుడికే తెలియాలి.

డ్రైవ్ చేయొచ్చుగా అంటారు. మా వాళ్ళంతా అన్నారు. పొరపాటున ఎవరినైనా లిఫ్ట్ అడిగితే, దిగేదాకా డ్రైవింగ్ మీద ఉపన్యాసం ఫ్రీ. అసలు సంగతేమిటంటే, నాకు పందొమ్మిదో ఏట నుంచీ ఫిట్స్ వస్తాయి. టాబ్లెట్లు వేసుకున్నా రెండు మూడు నెలలకోసారి తప్పదు. ఆరు నెలలు రాకుండా ఉంటే గానీ లైసెన్స్ లేదన్నాడు డాక్టర్. ఆ ఆరో నెల నేనెప్పుడూ చూడలేదు. ఈ ముక్క మా ఇంటి గడప దాటకూడదని మా ఆయన శాసనం. రేపు అమ్మాయికి సంబంధాలు చూడాలి కదా అనేవారు. అమ్మాయి అప్పటికి తొమ్మిదో క్లాసు! నా టాబ్లెట్లని విటమిన్ డబ్బాలో పోసి పెట్టేవారు. ఎవరైనా అడిగితే, "దానికి స్టీరింగ్ చూస్తేనే వణుకు" అని నవ్వేసేవారు. పక్కన కూర్చుని నేనూ నవ్వేదాన్ని. పోనీ ఆయన దింపుతారా అంటే, ప్రాజెక్ట్ వేరే ఊళ్ళో. సోమవారం ఫ్లైట్ ఎక్కితే గురువారం సాయంత్రం దిగేవారు.

సరిగ్గా అప్పుడే మా సిటీ వాళ్ళు ముప్పై ఏళ్ళకి సరిపడా రోడ్లకీ బాటలకీ ప్లాన్ గీస్తున్నామని చాటింపు వేశారు. లైబ్రరీలో పెద్ద పెద్ద బొమ్మలు పెట్టారు. చేతికి రంగు బిళ్ళలిచ్చి, నచ్చిన బొమ్మ మీద అంటించమన్నారు. పచ్చటి చెట్లు, సైకిళ్ళు, బెలూన్ పట్టుకున్న పాప. అన్నీ వెతికాను. ఒక్క బొమ్మలో కూడా చలికాలం లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! ఉన్న ముప్పావు మైలు మీద మంచు ఎత్తలేనివాళ్ళు ముప్పై ఏళ్ళ తర్వాత నన్ను సైకిల్ ఎక్కిస్తారట.

దీని మీద కౌన్సిల్ ముందు ఎవరైనా మాట్లాడొచ్చు, మనిషికి మూడు నిమిషాలు అన్నారు. మా తెలుగు సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు, అందరం అంకుల్ అనేవాళ్ళం. డెబ్భైల్లో వచ్చి స్థిరపడిన ఇంజినీరు, రిటైరయ్యారు. మంచు సంగతి వరకే ఆయనకి చెప్పాను. "నువ్వు కంగారుపడకమ్మా, నేను మాట్లాడతా. మన బలం కనపడాలి, అందర్నీ రమ్మను" అన్నారు. గురువారం సాయంత్రం పన్నెండు మందిమి వెళ్ళాం. మాట్లాడేవాళ్ళ లిస్టులో అందరిచేతా పేర్లు రాయించారు. మా ఆయన ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా వచ్చి నా పక్కన కూర్చున్నారు.

అంకుల్ సూట్ వేసుకుని మైకు ముందు నిలబడ్డారు. మొదలుపెట్టారండీ! గౌరవనీయులైన మేయర్ గారికి నమస్కారం. ఆపైన ఏడుగురు కౌన్సిల్ మెంబర్లకి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, పేరుపేరునా నమస్కారం. క్లర్క్ గారికి నమస్కారం. భారతీయ సంస్కృతిలో అతిథికున్న స్థానం. ఈ ఊరు కన్నతల్లి లాంటిదనే మాట. మైకు దగ్గర మూడు నిమిషాలు లెక్కపెట్టే పచ్చలైటు పోయి పసుపు వెలిగింది. ఆయన సంచిలోంచి జరీ శాలువా తీసి మేయర్ వైపు నడిచారు. పోలీసు లేచి నిలబడ్డాడు. కానుకలు తీసుకోకూడదని క్లర్క్ చేతులూపింది. ఎర్రలైటు వెలిగింది. మంచు అన్న మాట ఆయన నోట రానేలేదు. వచ్చి కూర్చుని, "బాగా వచ్చిందా?" అని అడిగారు నన్ను!

అది చాలదన్నట్టు, తర్వాత పేరు పిలిచినవాడల్లా లేచి, "అంకుల్ చెప్పిందే మా మాట కూడా, థాంక్యూ" అని కూర్చోవడం. అంకుల్ ఏం చెప్పారని? పదిమంది అలా లేచారు, అలా కూర్చున్నారు. కౌన్సిల్ వాళ్ళు నవ్వాపుకుంటూ కాగితాల్లో మొహాలు దాచుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. శాలువా కప్పుకుని నడిస్తే మంచు కరుగుతుందా?

చివర నా పేరు పిలిచారు. మా ఆయన నా చెయ్యి పట్టుకుని, "నువ్వూ అలాగే అనేసి వచ్చెయ్" అన్నారు. విదిలించుకుని వెళ్ళాను. నాకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను. స్కూల్ కిచెన్‌లో పనిచేస్తాను. మీరు పార్కు అంటున్న బాట నాకు రోడ్డు. ఇంకొక్కసారి లేట్ అయితే నా ఉద్యోగం పోతుంది. నేను కారు నడపలేను. అక్కడ ఆగాను. భయం అనేస్తే సరిపోయేది, ఇన్నేళ్ళూ చెప్పిన అబద్ధమేగా. కానీ భయమైతే నేర్చుకో అంటారు. "నాకు ఫిట్స్ వస్తాయి" అన్నాను. ఇంకా పచ్చలైటే ఉంది.

మేయర్ కళ్ళజోడు తీసి, ఆ బాటని స్కూల్ దారిగా లెక్కేసి మొదటి లిస్టులో చేర్చమని అక్కడికక్కడే చెప్పాడు. ఎప్పటి నుంచి అంటే, వచ్చే చలికాలం నుంచి! ఈ ఏడు ట్రక్కుల రూట్లు ఖాయమైపోయాయట. ఇంటి ముందు కారు దిగాక మా ఆయన, "పరువు బజారున పడేశావు" అన్నారు. "మీ పరువేసుకుని నన్ను రోజూ స్కూల్లో దింపండి, మళ్ళీ నోరెత్తను" అన్నాను. లోపలికెళ్ళి ఏడ్చాను, అది వేరే సంగతి.

ఆ మీటింగ్ అయిన రెండో శనివారం మళ్ళీ అడుగు మంచు పడింది. బుధవారం స్కూల్ తెరుస్తారనగా మంగళవారం మధ్యాహ్నం ఒకమ్మాయి ఫోన్ చేసింది. మా వెనక వీధిలో ఉంటుంది, పిల్లలు మా స్కూలే, ఆ మీటింగ్‌లో అంకుల్ చెప్పిందే నా మాట అన్న పదిమందిలో ఒకతి. అటూ ఇటూ తిప్పి, "అక్కా, మీరు ఏ టాబ్లెట్ వాడతారు?" అంది. ఎందుకమ్మా అన్నాను. "నాకూ వస్తాయి. మా ఆయన ఎవరికీ చెప్పొద్దన్నాడు. పోయిన నెల సిగ్నల్ దగ్గర తెలివొచ్చేసరికి వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి, వెనక సీట్లో పిల్లలిద్దరూ ఏడుస్తున్నారు" అంది.

నోటికొచ్చినట్టు తిట్టాను. కన్న పిల్లల్ని చంపుకుంటావా అన్నాను. తిట్టినంతసేపూ, బస్ లేదు, బాట లేదు, చెప్పుకునే దిక్కు లేదు, ఇదేం చేస్తుంది అని నాకే తెలుస్తూనే ఉంది. చివరికి, "రేపు అయిదింటికి పిల్లలతో రా. పార ఉంటే పట్టుకురా" అన్నాను.

వచ్చింది. బాట మొదట్లో ఉన్న మంచు గోడని ఇద్దరం కలిసి తవ్వి మెట్లు చేశాం. పిల్లల్ని చెరొకళ్ళం పట్టుకుని, గడ్డ మీద ఉప్పు చల్లుకుంటూ, జారుతూ, మున్సిపాలిటీని మూడు తరాలు తిట్టుకుంటూ నడిచాం. స్కూల్ వెనక తలుపు దగ్గరికి చేరేసరికి ఆరూ ఇరవై ఆరు. నేను లోపలికెళ్ళి మిషన్‌లో వచ్చిన టైమ్ వేసి, పిల్లలకి బెంచీ చూపించి తిరిగి చూస్తే ఆ అమ్మాయి ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉంది. కోటు జేబులోంచి కారు తాళాలు తీసి నా అరచేతిలో పెట్టింది.

"మీ దగ్గరే ఉంచండక్కా. నా దగ్గరుంటే మళ్ళీ నడిపేస్తాను" అంది.