పద్మనాభానికి రేవు కట్టిన కథ

జూదంలో రాజ్యం పోగొట్టుకున్నవాళ్ళున్నారు. తమ్ముళ్ళని నమ్మి పోగొట్టుకున్నవాళ్ళున్నారు. రెండే రెండు మాటలు రాసి, సంతకం పెట్టి, బస్సెక్కి వెళ్ళిపోయి పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. ఆ రెండు మాటలేమిటో ఇప్పుడే చెప్పేస్తే మీరు పేజీ తిప్పేస్తారు. కాబట్టి ముందు రాజ్యం సంగతి చెబుతాను.

పెందుర్తిలో మాకొక అద్దె గది ఉండేది. మాకు అంటే నాకూ, అప్పలరాజుకీ. ఇద్దరం ఊరి చివర ఒక ఇనుప సామాను కార్ఖానాలో క్రేన్ నడిపేవాళ్ళం. కార్ఖానా పేరెందుకు లెండి, మీకు పనికిరాదు, నాకు మంచిది కాదు. షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ తిరిగే క్రేన్ అది. దానికి మూడు షిఫ్టులు, ముగ్గురు మనుషులు. ఉదయం షిఫ్టు నాయుడు మావది, మధ్యాహ్నం నాది, రాత్రి అప్పలరాజుది. నాయుడు మావ నాకేమీ చుట్టం కాదు. పద్మనాభం నుంచి రోజూ బండి మీద వచ్చే రైతు మనిషి, నాకు క్రేన్ నేర్పినవాడు, అందుకని మావ.

గదిలో అప్పలరాజు ఒక పాత కంప్యూటరు పెట్టాడు. అందులో పాతకాలం రాజ్యాలను ఏలే ఆట ఒకటుంది. తుపాకులు పేల్చడం, గెంతడం ఏమీ ఉండవు. దేశపటం ఉంటుంది, కాలం నెలనెలా జరుగుతుంటుంది. మనం కోటలు కట్టాలి, పంటలు చూసుకోవాలి, రాయబారులకు జవాబు చెప్పాలి, రాజుగారికి పెళ్ళి చెయ్యాలి. రాజు పోతే కొడుకు, కొడుకు పోతే మనవడు, అలా నాలుగు వందల ఏళ్ళు వంశం నిలబెడితే ఆట పూర్తయినట్టు.

నాకు సెలవున్న ఒకరోజు, షిఫ్టు దిగాక నాయుడు మావ మంచినీళ్ళు తాగడానికి గదికి వచ్చాడు. తెర చూశాడు.

"ఇదేటిరా?"

"కళింగ తీరం మావా. ఇది మన కోట. ఒకటే ఉంది."

"సుట్టూ అంత భూమి బీడెట్టీసి కోటలో కూకున్నాడేటి రాజు? ఆ పక్కన సెరువు తవ్వమను."

తవ్వించాం. పంట పెరిగింది. ఆరోజు నుంచి మావ నీళ్ళకని రావడం మానేసి రాజ్యానికని రావడం మొదలుపెట్టాడు. ఆ కోటకి పద్మనాభం అని పేరు కూడా ఆయనే మార్చాడు.

రెండేళ్ళలో మాకొక పద్ధతి కుదిరింది. ముగ్గురికీ ఒకటే క్రేన్ అయినట్టే ఒకటే రాజ్యం. పొద్దున్న నేను ఏలేవాణ్ణి. రెండింటికి నేను డ్యూటీ ఎక్కితే, దిగిన మావ గదికి వచ్చి సాయంత్రం దాకా ఏలేవాడు. ఆ తరవాత నిద్ర లేచిన అప్పలరాజు. క్రేన్ దగ్గర ఒక లాగ్ బుక్కు ఉంటుంది. దిగేవాడు ఏం జరిగిందో రాయాలి, ఎక్కేవాడు చదివి 'చార్జి తీసుకున్నాను' అని సంతకం పెట్టాలి. మావ అలాంటి బుక్కే ఇంకొకటి తెచ్చి రాజ్యానికి పెట్టాడు. ఆయన రాత ఇలా ఉండేది: 'తూర్పు చెరువు గండి పూడ్చాను. రాణీగారికి జ్వరం. పడమటి రాజు చూపు బాగోలేదు, కనిపెట్టి ఉండగలరు.' ప్రపంచంలో ఇంత శ్రద్ధగా ఏలిన రాజ్యం ఇంకొకటి ఉండదని ఇప్పటికీ నా నమ్మకం.

ఇంకొక నియమం కూడా ఆయనదే. ఆ ఆటలో పొరపాటు జరిగితే వెనక్కి వెళ్ళి దిద్దుకునే వీలుంది. మావ దాన్ని మొదటిరోజే తీయించేశాడు.

"సేనుకి తెగులొస్తే నిన్నటికి ఎల్పోతామేటిరా? జరిగింది జరిగిందే."

ఈ నియమం మీరు కాస్త గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోయాను.

మావకి రిటైర్మెంటు రెండు నెలల్లోకి వచ్చింది. ఆటలో ఇంకా నలభై ఏళ్ళు మిగిలాయి. "నాను దిగిపోయే లోపల ఆఖరేడు సూసీయాలిరా" అనేవాడు. జీవితంలో ఆయన ఎవర్నీ ఏదీ అడగగా నేను వినలేదు. అందుకే మేమిద్దరం ఆ మాటని ప్రభుత్వ ఉత్తర్వులాగా తీసుకున్నాం. లెక్కవేసుకున్నాం కూడా, తొందరపడకుండా ఏలినా సరిపోతుంది.

సరిగ్గా అప్పుడు ఆట తయారుచేసే కంపెనీవాళ్ళు ఒక ప్రకటన వేశారు. కొత్త వెర్షన్ వస్తోంది, అందులో సముద్రం వస్తోంది అని. అంతవరకు ఆ ఆటలో సముద్రమంటే పటం మీద నీలి రంగు, అంతే. అప్పలరాజు వాళ్ళది సముద్రం మీద వేటకి వెళ్ళే కుటుంబం, వాడికి మొదటి నుంచీ ఇదే మంట.

"బావా, ఈ ఆట సేసినోడు జన్మలో సంద్రం సూళ్ళేదు. ఏడాది పొడుగునా ఒకటే గాలేటి? పడవ ఎలగెల్తాది?"

కొత్త వెర్షన్లో రుతువుని బట్టి గాలి మారుతుందట. ఓడలకు వేరే సేనాపతి ఉంటాడట. తుఫాను వస్తుందట. రాజుకి వయసు మీరితే మతిమరుపు కూడా వస్తుందట. అన్నిటికన్నా నన్ను ముంచిన వాక్యం వేరే ఉంది: వెర్షన్ వచ్చేనాటికి ఎన్ని రేవులుంటే అన్ని ఓడలు సిద్ధంగా దొరుకుతాయి. వచ్చేది గురువారం సాయంత్రం.

నేనది మంగళవారం పొద్దున్న చదివాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అంటారు. నేను ఆ సోమలింగానికి ఉద్యోగం కూడా చూసినవాణ్ణి. తీరం వెంబడి ఆరు రేవులు కట్టాలనుకున్నాను. రాళ్ళు చాల్లేదు. నాలుగు కోటలు పడగొట్టాను. కూలీలు చాల్లేదు. పన్నెండు వేల సైన్యాన్ని ఇళ్ళకి పంపించి, వాళ్ళ చేతే రాళ్ళు మోయించాను. ఐదు రేవులు లేచాయి. ఆరోదానికి చోటు వెతికితే పద్మనాభం కనిపించింది. అసలు పద్మనాభం సముద్రానికి దూరంగా కొండ పక్కన వరిపొలాల మధ్య ఉంటుందని మీకు తెలుసు, నాకు తెలుసు. పటంలో మాత్రం దాని ఎల్లకి ఒక చిన్న తోక సముద్రాన్ని తాకుతోంది. అది చాలు కదా అనుకుని మావ కోటని పడగొట్టి రేవు వేశాను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాం. ఏరు రాకముందే ఇల్లు పీకి తెప్ప కట్టినవాణ్ణి నేను.

నా పథకంలో ఒకే ఒక షరతు ఉంది. గురువారం దాకా ఆటలో కాలాన్ని ఆపి ఉంచాలి. కదిలితే కోటలూ లేని, సైన్యమూ లేని రాజ్యం అది. ఈ సంగతి బుక్కులో రాయడానికి పెన్ను తీశాను కూడా. గడియారం చూస్తే ఒంటిగంటా నలభై. బస్సు హారను వినిపించింది. చెయ్యి తనంతట తానే రోజూ రాసేది రాసేసింది.

'అంతా నార్మల్.'

కార్ఖానాలో పనిచేసిన వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఇక్కడ తల దించుకుని ఉంటారు. ఆ రెండు మాటలూ రాసే పద్ధతి మనకెవరూ నేర్పరు, దగ్గులాగా వచ్చేస్తుంది.

క్రేన్ నిచ్చెన దగ్గర మావ ఎదురొచ్చాడు. నేను ఒక నిమిషం లేటు.

"రాజ్జెం ఎలగుందిరా?"

"బుక్కులో రాసినాను మావా" అంటూ నిచ్చెన ఎక్కేశాను.

ఐదింటికి టీకి దిగి ఫోను చూసుకుంటే అప్పలరాజు నుంచి పదకొండు మిస్డ్ కాల్స్. వాడు నిద్రపోవాల్సిన టైములో పదకొండుసార్లు మేలుకున్నాడంటే మాటలు కాదు.

"బావా, సైన్యం ఏదీ?"

"ఇంటికి పంపీసినాను. ఎందుకు?"

"పడమటి రాజు రాయబారిని పంపినాడు. రెండూళ్ళు ఇమ్మన్నాడు. మావ బుక్కు సూసినాడు, అంతా నార్మల్ అని ఉంది. ఎప్పుడూ ఉండే పన్నెండు ఏలమంది ఉన్నారనుకుని పొమ్మన్నాడు. యుద్ధం వచ్చీసినాది."

"ఆపీమను. కాలం ఆపీమను."

"ఇంకేటి ఆపుతావు? రాజు పట్టుబడిపోనాడు, కొడుకు కూడా. వంశం అయిపోనాది అని తెర మీద పడ్డాది. మావ అరగంట నుంచీ దాన్నే సూత్తన్నాడు."

"మావకి ఫోనియ్యి."

తరవాత మావ గొంతు, చాలా నెమ్మదిగా వచ్చింది.

"రమణా, పద్మనాభంలో రేవేటిరా? మా ఊర్లో కొండుంది, వరి సేలున్నాయి. సంద్రం ఏదిరా?"

"ఎల్లుండి వస్తాది మావా" అన్నాను. నిజంగా అదే అన్నాను.

ఆయన ఫోను పెట్టేశాడు. నేను టీ గ్లాసు అలాగే వదిలేసి నిచ్చెన ఎక్కాను.

గురువారం సాయంత్రం వెర్షన్ వచ్చింది. నేనొకటి తలిస్తే కంపెనీ ఒకటి తలచింది. సముద్రాన్ని ఇంకా పరీక్షించాల్సి ఉన్నందున వాయిదా వేశారట. ప్రస్తుతానికి గుర్రాల తోకలు గాలికి ఊగేలా మెరుగుపరిచామని చెప్పడానికి సంతోషిస్తున్నారట. అప్పలరాజు గదిలో ఆ గుర్రం తోకని చాలాసేపు చూసి, రాత్రి నా దగ్గర చార్జి తీసుకోవడానికి వచ్చినప్పుడు లాగ్ బుక్కు లాక్కుని నిచ్చెన ఎక్కేశాడు.

ఇక్కడితో అయిపోతే ఇది ఉత్త ఆట గొడవ, మీకు చెప్పేవాణ్ణి కూడా కాదు. మర్నాడు రెండింటికి నిచ్చెన దగ్గర మావ నాకోసం నిలబడి ఉన్నాడు. చేతిలో క్రేన్ లాగ్ బుక్కు.

"రాజ్జెం పోతే పోనాదిలే. బొమ్మ రాజ్జెం. ఒకటడుగుతాను, నిజం సెప్పు. ఈ బుక్కులో కూడా అలగే రాత్తన్నావా?"

ఆయన పేజీలు తిప్పాడు. వారం రోజులుగా నా చేతిరాత, ఒకటే రాత: అంతా నార్మల్, అంతా నార్మల్. ఆ వారంలో రెండుసార్లు, సాయంత్రం లారీలకి పెద్ద బరువులెత్తేటప్పుడు, బ్రేకు దగ్గర కీచుమని ఒక శబ్దం వచ్చింది. ఆ బరువులు నా షిఫ్టులోనే ఉంటాయి కాబట్టి నాకు తప్ప ఎవరికీ వినపడదు. నోటితో చెబుదాంలే అనుకున్నాను. మరిచిపోయాను. అంతా చెప్పేశాను.

మావ తిట్టలేదు. తిడితే బాగుండును. ఇంజనీరుగారిని పిలిచి, క్రేన్ ఆపించి, నాతోపాటు పైకెక్కి బ్రేకు విప్పించాడు. లోపలి పట్టీ అరిగి కాగితంలా ఉంది. సాయంత్రానికి కొత్తది వేశారు. ఎవరికీ ఏమీ కాలేదు.

"ఆ కొక్కెం కింద మనుసులు తిరుగుతార్రా" అన్నాడు దిగుతూ. "నువ్వు రాసింది నమ్మే అప్పలరాజు ఎక్కుతాడు. ఆడి యెనక నాను ఎక్కుతాను."

ఆ తరవాత మావ గదికి రావడం మానేశాడు. డ్యూటీ దిగడం, బండెక్కడం, ఇంటికి వెళ్ళిపోవడం. ఆయన కుర్చీలో అప్పలరాజు కూర్చోడు, నేనూ కూర్చోను, ఉతికిన బట్టలు కూడా పెట్టలేదు. రాబోయే సముద్రం కోసం నేను ఉన్న కోట పడగొట్టాను, అది తప్పే. కానీ అసలు తప్పు అది కాదని ఆ ఖాళీ కుర్చీని చూస్తుంటే తెలిసింది. ఒక మనిషి కళ్ళు మూసుకుని నమ్మే మాటని నేను అలవాటుగా గీకి పారేశాను.

ఇద్దరం మళ్ళీ మొదటి నుంచి ఒకటే కోటతో ఆట మొదలుపెట్టాం. పేరు పద్మనాభం. నిచ్చెన దగ్గర మావకి చెప్పాను.

"ఆఖరేడు సూడ్డానికి నాకింక టయమేదిరా" అన్నాడు.

అయినా కొత్త రాజ్యం బుక్కు రోజూ తెచ్చి ఆయన అన్నం క్యారేజీ పక్కన పెట్టేవాణ్ణి. ఈసారి అన్నీ రాశాను. పొలంలో ఎలుకలు పడ్డ సంగతి కూడా. ఆయన బుక్కు తిరిగి ఇచ్చేటప్పుడు ఏదో ఒక పేజీ చివర మడత ఉండేది.

ఆయన ఆఖరి డ్యూటీ రోజు వచ్చింది. దండలు, మిఠాయిలు, ఫోటోలు అయ్యాయి. రెండింటికి నిచ్చెన దగ్గర నా చేతికి క్రేన్ బుక్కు ఇచ్చి, ఈసారి కదలకుండా నిలబడ్డాడు.

"సదివి సంతకం పెట్టు."

పేజీ నిండా రాశాడు. కొత్త బ్రేకు ఇంకో వారం కనిపెట్టాలి. నిచ్చెన మూడో మెట్టు కదులుతోంది. ఉత్తరం వైపు దీపం మిణుకుమంటోంది. గీత గీసి, దాని కింద ఇంకొంచెం:

'పద్మనాభం కోట ఒకటే ఉన్నది. గోడ ఎత్తు చాలదు. చెరువు రెండో గట్టు వెయ్యాలి. రేవు లేదు. రేవు కట్టరాదు. రేపు మూడు గంటలకు వచ్చి చార్జి తీసుకుంటాను.'

నేను రెండుసార్లు చదివాను. అక్షరాలు అలుక్కుపోయాయి, దానికి కారణం ఉత్తరం వైపు దీపమేనని నా వాదన.

"రిటైరయ్యాక నీకు షిఫ్టేటి మావా?"

"సేతులూపుకుంటా ఇంటికాడ కూకుంటే మీ అత్త ఊరుకుంటాదేటి? ఆఖరేడు కాపోతే సగమైనా సూత్తాను."

మర్నాడు ఆ పేజీ తనిఖీ చేసిన ఇంజనీరుగారు నన్ను పిలిపించారు. "ఏమయ్యా, మన షెడ్డులో రేవేమిటి?"

"లేదు సార్. కట్టకూడదనే రాశారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివి, కింద ఆకుపచ్చ సిరాతో 'గమనించడమైనది' అని సంతకం పెట్టారు. అంటే ఈ నిషేధానికి పైఅధికారుల ఆమోదం కూడా ఉంది.

కాబట్టి, చదువరులారా, ఆ ఆకుపచ్చ సంతకం సాక్షిగా, ఇంకా రాని సముద్రం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అలలు నా పాదాలు తడిపేదాకా రేవు కట్టను. గురువారం వస్తుందన్నదాన్ని శుక్రవారం దాకా నమ్మను. అన్నిటికీ మించి ఆ రెండు మాటలూ నా జన్మలో మళ్ళీ రాయను. మూడో మెట్టు ఇంకా కదులుతోంది. చార్జి తీసుకున్నాను.