క్యాచ్ పట్టాక

గోపీకృష్ణ కూర్చోలేక లేచి, జట్టు బెంచీ ముందున్న ఇనుప కంచె పట్టుకుని నిలబడ్డాడు. సెమీఫైనల్, ఆఖరి ఇన్నింగ్స్. తన కుర్రాళ్లు ఒక్క పరుగు ముందున్నారు. ముగ్గురు అవుటైతే ఆట ముగిసినట్టే. అవతలివాళ్లలో ఒకడు అవుటయ్యాడు; ఇంకొకడు మూడో బేస్ మీద కాచుకుని ఉన్నాడు. వాడు బ్యాటర్ ముందున్న తెల్లపలకను చేరితే స్కోరు సమం. ఆపైన నెగ్గడం కల్ల. బంతి విసిరే కుర్రాడి భుజం అప్పటికే వాలిపోతోంది. ఫైనల్‌కి చేరకపోతే బేస్‌బాల్ జట్టును ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశారు. జట్టు పోతే కోచ్ ఉద్యోగమూ పోయినట్టే.

వెనక మెట్ల మీద భార్య కాత్యాయని, ఆమె పక్కన జగన్మోహనరావు. గోపీని సింగపూర్ రప్పించి కంప్యూటర్ ఉద్యోగంలో పెట్టింది ఆయనే. రెండువేల సంవత్సరం గండం నుంచి కంప్యూటర్లను గట్టెక్కించడానికి కంపెనీలు మనవాళ్లను విమానాల కొద్దీ దింపుకుంటున్న రోజులవి. అందరూ అటు ఎగబడుతుంటే, గోపీ ఆదివారాలు బెడోక్ మైదానంలో పిల్లలకు బంతి విసరడం నేర్పుతూ నేర్పుతూ, ఒకనాడు రాజీనామా ఇచ్చి కాలేజీ కోచ్‌గా చేరిపోయాడు.

"కోడ్ రాయవయ్యా అని తీసుకొస్తే మీ ఆయన కర్రాబిళ్ళ ఆడిస్తున్నాడమ్మా," అన్నాడు జగన్మోహనరావు.

"ఆ ఆఫీసులో ఉన్నన్నాళ్లూ మనిషి నవ్వడం చూళ్లేదంకుల్," అంది కాత్యాయని మైదానం మీంచి చూపు తిప్పకుండా. "ఇక్కడా నవ్వట్లేదనుకోండి."

గుంటూరులో క్రికెట్ జట్టులో చోటు దొరక్క బేస్‌బాల్‌కి వచ్చినవాడు గోపీ. యూనివర్సిటీకి ఆడాడు. ఆఖరి ఏడు ఫైనల్లో ఎత్తైన క్యాచ్ ఒకటి పట్టి, చిన్నప్పటి అలవాటు కొద్దీ బంతిని ఆకాశంలోకి విసిరి గంతులేశాడు. క్రికెట్‌లో క్యాచ్ పడితే ఆ బంతికి కథ ముగిసినట్టే. ఇక్కడ అలా కాదు. బంతి చేతిలో పడ్డ మరుక్షణం బేస్ మీదున్నవాడు పరుగెత్తవచ్చు. పరుగెత్తాడు. బంతి కిందికి దిగేలోగా మ్యాచ్ పోయింది. ఆ తర్వాత హాస్టల్లో "ఏరా, బంతి దిగిందా?" అని అడగనివాడు లేడు.

అందుకే కోచ్ అయ్యాక తన జట్టుకో ఆచారం పెట్టాడు. ఎవరు క్యాచ్ పట్టినా మిగతావాళ్లంతా "అయిపోలేదు!" అని అరవాలి. చైనీస్, మలయ్ కుర్రాళ్ల నోట్లో అది "ఐపోలే" అయింది. అయినా గట్టిగానే అరిచేవారు.

ఈ రోజు అతని భయమంతా ఎడమవైపు దూరంగా నిలబడ్డ అభిజిత్ మీదే. తండ్రి ఉద్యోగం వెంట బెజవాడ నుంచి వచ్చిన పిల్లాడు. క్యాచ్ పట్టగానే వాడి చేతులు వాటంతటవే పైకి లేస్తాయి. నిన్న ప్రాక్టీసులోనూ లేచాయి.

"కోచ్, అభిని మార్చేద్దామా?" సహాయకుడు హమీద్ గొణిగాడు. "క్యాచ్ పడితే పార్టీ చేసుకుంటాడు లా." సింగపూర్‌లో ఎవరి మాటకైనా చివర ఆ 'లా' తోక ఉండాల్సిందే.

"అంత దూరం నుంచి విసరగల చెయ్యి ఇంకెవరికుంది? ఉండనీ."

అన్నాడే గాని కంచెను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

బ్యాట్ టంగుమంది. బంతి ఎడమవైపుకే లేచింది. అభిజిత్ వెనక్కి పరుగెత్తి, మెడ వాల్చి, దాన్ని చేతి తొడుగులోకి లాక్కున్నాడు. మెట్ల మీద ఈలలు. జగన్మోహనరావు ఎగిరి గంతేసి "అవుట్! అయిపోయింది!" అని కేకపెట్టాడు. తొడుగులోంచి బంతి తీసిన అభిజిత్ కుడిచెయ్యి పైకి లేచింది. మూడో బేస్ మీదున్నవాడు కదిలాడు.

గోపీ నోరు తెరిచాడు. ఈలోగా మైదానంలోంచే కేక వచ్చింది.

"ఐపోలే! అభీ, ఐపోలే లా!" పలక దగ్గరున్న క్యాచర్ వెయ్ మింగ్ గొంతు చించుకున్నాడు.

లేచిన చెయ్యి లేచినట్టే వెనక్కి వంగి, బంతిని విసిరింది. అది ఒక్కసారి నేలను తాకి వెయ్ మింగ్ తొడుగులో పడింది. పరుగెత్తి వచ్చినవాడు పలక మీదికి జారాడు; వెయ్ మింగ్ బంతితో వాణ్ని తాకాడు. దుమ్ము లేచింది. అంపైర్ వంగి చూశాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు. అప్పుడు పిడికిలి ఎత్తాడు.

అవుట్.

కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. అభిజిత్ మాత్రం తిన్నగా కోచ్ దగ్గరికి వచ్చాడు.

"సారీ సర్. చెయ్యి లేచింది."

"చూశాను," అన్నాడు గోపీ. "రేపు అందరికంటే ముందు రా."

కాత్యాయని మెట్లు దిగి వచ్చి, కంచెను ఇంకా వదలని అతని వేళ్లను ఒక్కొక్కటిగా విప్పింది.

"ఇప్పటికైనా అయిపోయిందా?"

"ఫైనలుందిగా," అన్నాడు. ఆమె అతని ముఖం కేసి పరీక్షగా చూసింది. నవ్వుతున్నాడు.