సీరియస్‌గుంది, జల్ది రండి

లింగస్వామిది ట్రాలీ ఆటో. ఎల్బీనగర్, వనస్థలిపురం, సరూర్‌నగర్ చుట్టుపక్కల ఎవరు ఇల్లు మారినా సామాను మోసేది ఎక్కువగా అతనే. మా సామాను కూడా అతని బండిలోనే కదిలింది. బీరువా దించుతూ "జర పైలం, గోడకు తగుల్తది" అని ఓనరు గోడ గురించి కూడా బెంగపడే మనిషి. తెలిసి తెలిసి ఎవరికీ కీడు చేయడు. ఈ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే జరిగింది విన్నవాళ్ళంతా అతన్ని నోటికొచ్చినట్టు అన్నారు. నాకు ఒళ్ళు మండింది.

అతని భార్య సైదమ్మ. ఆమె అక్క రాములమ్మ. ఊళ్ళో పనుల్లేక తిప్పలు పడుతున్న ఈ ఇద్దరినీ పట్నం తీసుకొచ్చి, సరూర్‌నగర్‌లో తన గది పక్కనే గది ఇప్పించింది రాములమ్మే. సాయంత్రమైతే అక్కాచెల్లెళ్ళు ఎల్బీనగర్ రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్న రొట్టెలు అమ్మేవారు. అక్క తట్టి వేస్తే చెల్లె కాల్చేది. ఎంత గిరాకీలోనైనా ఏదో ఒకదానికి కీచులాడుకునేవారు. అలాగని ఒకరు తినకుండా ఇంకొకరు ముద్ద ముట్టేవారు కాదు.

పోయిన డిసెంబర్‌లో కొత్త జొన్నలు తెచ్చుకుందామని మొగుడూ పెళ్ళాం సూర్యాపేట అవతలి ఊరికి బండేసుకుని పోయారు. మర్నాడు పొద్దున్నే బస్తాలు ఎక్కిస్తుంటే ఫోన్ మోగింది. రాములమ్మ కూతురు స్వప్న.

"చిన్నాయనా, అమ్మకు సీరియస్‌గుంది. దిల్‌సుఖ్‌నగర్ల దవాఖానకు తెచ్చిన. జల్ది రండి."

మా నల్లగొండ వైపు ఈ మాటకు ఒకటే అర్థం. మనిషి పోయాడని ఎవరూ ఫోన్‌లో చెప్పరు. దారిలో ఏమైపోతారోనని "సీరియస్‌గుంది, రండి" అంటారు. విన్నవాళ్ళు కూడా ఎట్లా ఉంది, ఏమైంది అని అడగరు, తువ్వాల భుజాన వేసుకుని బయల్దేరతారు. లింగస్వామికి తండ్రి పోయినప్పుడూ ఈ మాటే వచ్చింది, అన్న పోయినప్పుడూ ఈ మాటే. అందుకే అతనూ ఏమీ అడగలేదు. "ఒస్తున్నం బిడ్డా" అని పెట్టేశాడు.

స్వప్న పుట్టి పెరిగింది పట్నంలోనే. మొబైల్ షాపులో పని. ఆ పిల్లకు సీరియస్ అంటే సీరియస్సే. రాములమ్మ అప్పటికి బతికే ఉంది. గుండెపోటు వచ్చింది గానీ మాట్లాడుతోంది, చెల్లెను పిలవమంటోంది. ఇది మీకు ఇప్పుడే చెప్పేస్తున్నాను. కడుపులో పెట్టుకుని చివర్లో చెప్పే ఓపిక నాకు లేదు.

"ఎవరు?" అంది సైదమ్మ.

"స్వప్న. మీ అక్కకు పానం బాగలేదట."

సైదమ్మ బస్తా వదిలి దగ్గరికొచ్చింది. "సీరియస్ అన్నదా?"

"అనలే. జరమట."

ఆ అబద్ధం ఆడి, ఫోన్ స్విచ్చాఫ్ చేసి జేబులో వేసుకున్నాడు. చుట్టాల్లో ఎవరో ఒకరు ఫోన్ చేసి ఏడుపు అందుకుంటే దారిలో ఆమెను పట్టలేనని భయం. సైదమ్మ తన ఫోన్ సరూర్‌నగర్‌లోనే మరిచి వచ్చింది.

అతనికి ఇంకో భయం కూడా ఉంది. వెనక సైదమ్మ తల్లి పోయినప్పుడు కూడా ఇలాగే పరుగున పోయారు. చావింట్లో శవం లేచేదాకా పొయ్యి వెలగదు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టని సైదమ్మ పాడె వెంట నడుస్తూ పడిపోయింది. కడుపులో బిడ్డ దక్కలేదు. మళ్ళీ పిల్లలు కాలేదు. అందుకే ఈసారి ఏమైనా సరే, ఆమె కడుపులో ఇంత పడ్డాకే అక్కడికి తీసుకుపోవాలనుకున్నాడు. పోయిన మనిషి ఎటూ పోయింది, ఉన్న మనిషినైనా కాపాడుకోవాలి కదా.

దారంతా పొగమంచు. నకిరేకల్‌లో బండి పక్కకు తీశాడు.

"గిప్పుడెందుకు ఆపినవ్?"

"చాయ్ తాగుదాం. మంచు జర ఇడువనీ."

"నాకొద్దు. నడువు."

"నువ్వు తాగితేనే తీస్తా."

నోరు కాలుతున్నా గటగటా తాగి గ్లాసు బల్ల మీద కొట్టింది. "తాగిన. ఇగ తియ్యి."

అక్కడ దవాఖానలో స్వప్న ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. ప్రతిసారీ స్విచ్చాఫ్. "ఎందాక ఒచ్చిన్రట?" అని రాములమ్మ అడుగుతోంది. "దగ్గరికొచ్చిన్రు అమ్మా" అని ఆ పిల్ల కూడా అబద్ధమే చెప్పింది.

నార్కట్‌పల్లిలో మళ్ళీ ఆపాడు. ఇడ్లీ ప్లేటు తెచ్చి ఒళ్ళో పెడితే సైదమ్మకు ఏడుపొచ్చింది.

"నీ కాళ్ళు మొక్కుత, బండి తియ్యి. అక్క నన్ను యాది చేస్తున్నట్టున్నది. నా పానం ఒకతీరుగున్నది."

"తిను. తిన్నంక పోదాం."

"ఒక్కసారి ఫోన్ కలుపు. గొంతు ఇంట."

"చార్జింగ్ లేదు."

"హోటలాయన ఫోన్ అడుగుత."

"నంబర్ యాదికున్నదా?"

లేదు. పక్కగదిలో ఉండే అక్కకు ఫోన్ చేసే అవసరం ఆమెకు ఎన్నడొచ్చింది గనక! చేసేదిలేక ఇడ్లీలు తుంచి తుంచి మింగింది. లింగస్వామి అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె వైపు చూస్తే నిజం కక్కేస్తానని తెలుసు.

చౌటుప్పల్ వచ్చింది. పోయిన ఆడమనిషికి తల్లిగారి చీర కప్పాలి. రాములమ్మకు తల్లిగారి వైపు మిగిలింది సైదమ్మ ఒక్కతే. టైర్లో గాలి చూపించుకొస్తానని చెప్పి బట్టల దుకాణంలో దూరాడు. చేతికందిన ఆకుపచ్చ చీర కవర్లో వేయించుకుని బయటికొస్తే, సైదమ్మ బండి దిగి ఎదురుగా నిలబడి ఉంది. కవరు లాక్కుంది.

"చీరెవరికి?"

అతను కవరు తిరిగి తీసుకోబోయాడు.

"సచ్చి నీ కడుపున పుడుత, నిజం చెప్పు. స్వప్న ఏమన్నది?"

"సీరియస్‌గుంది, జల్ది రమ్మన్నది."

సైదమ్మ ఉన్నచోటే కూలబడింది. "నన్నొక్కదాన్ని చేసి పోయినవా అక్కా" అని గుండెలు బాదుకుంటుంటే దుకాణంలో ఉన్నవాళ్ళంతా బయటికొచ్చారు. లింగస్వామి ఆమె పక్కనే నేల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎవరో మంచినీళ్ళు తెచ్చి ముఖం కడిగించారు.

చాలాసేపటికి ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని చీర వైపు చూసింది. "మా అక్క ఆకుపచ్చ కట్టది" అని లేచి దుకాణంలోకి నడిచింది. ఒక్కో చీర విప్పించి వెలుతురులో పెట్టి చూసింది. ఒకటి అంచు బాలేదంది, ఒకటి మరీ పలచనంది. చివరికి ఉల్లిపొర రంగు చీర ఒకటి దొరికింది. రాములమ్మ అలాంటిది కావాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటూ ఉండేదట. పోదామా అని లింగస్వామి మెల్లగా అడిగితే, "ఇగ తొందరేమున్నది" అంది.

అక్కడి నుంచి ఆమె జల్ది నడుపుమని అడగలేదు. అతనూ నడపలేదు. హయత్‌నగర్ దాటారు, ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర ఆగారు, కొత్తపేట మీదుగా దిల్‌సుఖ్‌నగర్ చేరారు. దవాఖాన మెట్లెక్కుతుండగా స్వప్న ఎదురుగా పరుగెత్తుకొచ్చింది.

"ఏడికి పోయిన్రు చిన్నాయనా? ఫోనెందుకు బంద్ జేసిన్రు? ఇప్పటిదాక చూసింది. చిన్నమ్మా, ఇప్పటిదాక తలుపు దిక్కే చూసింది. డాక్టర్ ఇప్పుడే ఒచ్చి చెప్పిండు..."

"సీరియస్ అన్నవ్ కద బిడ్డా" అన్నాడు లింగస్వామి.

"అవ్, సీరియస్సే ఉండె!"

సైదమ్మ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. అర్థమయ్యాక మొగుణ్ణి దాటుకుని లోపలికి పోయి అక్క కాళ్ళ దగ్గర కూర్చుంది. పాదాలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

తర్వాత శవాన్ని సరూర్‌నగర్ తెచ్చారు. స్నానం చేయించిన ఆడవాళ్ళు తల్లిగారి చీర ఇమ్మని చెయ్యి చాపారు. సైదమ్మ కవరును ఒళ్ళోనే గట్టిగా పట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"ఇది కప్పద్దు. నేను దీన్ని ఏరుకుంట కూసున్నప్పుడు మా అక్క బతికే ఉండె."