నిన్నటి సంకేతపదం

కొండల్లో యుద్ధం మొదలైన వేసవిలో నన్ను సరిహద్దు దగ్గరి హెలికాప్టర్ దళానికి పంపారు. నాది ఫ్లైట్ లెఫ్టినెంట్ హోదా, చేసేది కో-పైలట్ పని. అవతలి భూభాగంలో కూలిన విమానాల పైలట్లను వెతికి తీసుకురావడం మా బాధ్యత. మొన్న బెంగళూరులో రిటైరైన అధికారుల సమావేశంలో ఒక పెద్దమనిషి ఆనాటి మా ప్రయత్నం ఒకటి ప్రస్తావించి, వాతావరణం సహకరించలేదని తేల్చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రోజు ఆకాశంలో మబ్బుతునక లేదు.

కూలిన పైలట్ దగ్గర చిన్న రేడియో ఉంటుంది. అందులో మాట్లాడేది మనవాడో, మనల్ని ఉచ్చులోకి లాగే శత్రువో తేల్చుకోవడానికి ఒక సంకేతపదం పెట్టుకుంటాం. అది రోజూ సూర్యోదయంతో మారుతుంది. ఆ రోజు కూలిన పైలట్ చీకటితోనే బయలుదేరాడు. స్థావరంలోని కంట్రోల్ అడిగితే తనకు తెలిసిన పదమే చెప్పాడు. అది నిన్నటిది. కంట్రోల్‌లో ఉన్న వింగ్ కమాండర్, అతని కోసం బయలుదేరిన మమ్మల్ని లోయ అంచునే ఆపేశాడు.

అంతలో రేడియోలో ఆ పైలట్ తనలో తాను విసుక్కోవడం నా చెవిన పడింది.

"యాడ సచ్చినారప్పా వీళ్లంతా?"

నేను పుట్టి పెరిగింది బెంగళూరు నగర్తపేటలో. అది మా వీధి మాట. "యాడుండావప్పా?" అన్నాను.

"ఈ బండ కిందనే ఉండాను. కాలు ఇరిగిపోయిండాది. బేగ రాండప్పా" అన్నాడు. ఏ పేట అని అడిగితే మా పక్కనున్న చిక్కపేట అన్నాడు. అంత నొప్పిలోనూ నవ్వినట్టే వినిపించింది.

అతను మనవాడేనని, అందుకు నాది హామీ అని వింగ్ కమాండర్‌కు చెప్పాను. తెలుగు ఎవరైనా నేర్చుకోవచ్చన్నాడాయన. నేర్చుకుంటే బడి తెలుగు వస్తుంది గానీ, "ఇరిగిపోయిండాది" అని ఏ పంతులు నేర్పుతాడు? మా హెలికాప్టర్ కెప్టెన్ పంజాబీ, హోదా స్క్వాడ్రన్ లీడర్. నమ్మకమేనా అని నన్ను ఒక్క మాట అడిగి, మళ్లీ మళ్లీ అనుమతి కోరాడు. వెనక్కి రమ్మనే ఆజ్ఞ వచ్చింది. ఇంధనమూ తగ్గుతోంది. తిరిగొచ్చాం.

అతను ఏ వేళకు ఎగిరాడో అతని స్థావరానికి ఒక్క ఫోను చేసి కనుక్కుంటే సరిపోయేది. ఆ ఫోను మేము దిగాక చేశారు. మళ్లీ వెళ్లేసరికి బండ కింద పారాచూట్ గుడ్డ మాత్రమే ఉంది. యుద్ధం ముగిశాక ఖైదీల మార్పిడిలో అతను తిరిగొచ్చాడు. చికిత్స లేక కుళ్లిన కాలును మోకాలి పైదాకా తీసేశారు. ఇక్కడి విచారణలో వాతావరణమే కారణమని రాసుకున్నారు. మా ఇద్దరి సంభాషణకు "అర్థంకాని భాష" అని పేరు పెట్టారు. సిగ్గుండాలి. అర్థంకానిది వాళ్లకు, మాకు కాదు.

ఆసుపత్రిలో కలిస్తే అతను కోప్పడలేదు. "నా మాట ఇనింటివి గదప్పా, మళ్లా ఎందుకు వాపసు పోతివి?" అని మాత్రం అడిగాడు. పొమ్మన్నారని చెప్పాను.

తర్వాత శిక్షణ విభాగంలో ఉన్నన్నాళ్లూ ప్రతి జట్టుకూ ఒకటే చెప్పాను. పదం మారకముందు ఎగిరినవాడికి, తిరిగి స్థావరం చేరేదాకా పాత పదమే చెల్లుతుంది. ఇది దయ కాదు, లెక్క. నియమాలు రాసినవాళ్లకు ఇది తట్టలేదంటే ఆశ్చర్యం లేదు, వాళ్లలో ఎవరూ చీకటితో లేచి విమానం ఎక్కరు.