జర్మనీ గాయాల బిళ్ళలు

రేయ్, ఆ ఫోను పక్కన పెట్టి ఈడ కూసో. చెప్పేది సరిగా ఇని రాసుకో.

ఉరవకొండలో మా చిన్న మరిది ఉండె గదా, ఆయప్పకు సిపాయిలు రొమ్ముకు గుచ్చుకొనే బిళ్ళల పిచ్చి. యుద్ధంలో గాయపడిన సిపాయిలకు జర్మనీవాళ్లు ఇచ్చినవంట. యాడాడనుంచో తెప్పిచ్చి, మఖమల్ గుడ్డలో పెట్టి, ఇంటికొచ్చినోళ్లకు చూపిచ్చి, "పాపం, ఎంత నొప్పి పడినాడో!" అని ముక్కు చీదేవాడు.

ఆయుధపూజ నాడు ఆయప్ప పెండ్లాం, యుద్ధానివి గదా పూజకు పెట్టల్లనుకొని, ఆ బిళ్ళల్ని చింతపండేసి తోమింది. అంతకుముందే గడ్డి కోస్తా కొడవలి తగిలి ఏలు తెగి, గుడ్డ కట్టుకోనుండాది. పులుపుకు గాయం మండుతాన్నా తోమింది. ఒక బిళ్ళకు నల్లరంగంతా పోయింది. దానికి ఆయప్ప పీనుగు ముందర కూసున్నట్ల ఏడ్చినాడు.

"ఏమప్పా, నీ పెండ్లాం ఏలు చూడవా?" అంటి.

"అది కొడవలి గాయం వదినా. ఇది యుద్ధంలోది."

నాకు ఒళ్లు మండి, ఆ బిళ్ళను ఆయమ్మ కొంగుకు గుచ్చినా. ఆయప్ప గబగబా లేచొచ్చినాడు. ఇప్పుడన్నా ఏలు చూస్తాడనుకొంటి.

"జోపానం వదినా, పిన్ను వంగుతాది!" అన్నాడు.

అప్పుడు నేనేం చేసినానంటే, ఆ మఖమల్ గుడ్డ తీసుకొని...

"అవ్వా, సంగటి చల్లారిపోతాంది, రా!"

ఆఁ, వస్తాండా! లెయ్యిరా. ఆ మఖమల్ గుడ్డనే ఆయమ్మ ఏలికి కట్టినా.